అడక్కుండా వచ్చిన పద్నాలుగు

ఆగస్టు 7, సోమవారం

0.61.

పొద్దున హేరిన్ ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది. ఏడేళ్ళుగా మా పత్రిక ఆఫీసు పనంతా ఒంటిచేత్తో చూసుకొస్తున్న పిల్ల. నవ్వు దాచుకోవడం మాత్రం ఇప్పటికీ చేతకాదు. పోయినేడు 0.48 ఉంది. గీత 0.50 దగ్గర. మూడేళ్ళకోసారి జరిగే మదింపు ఈ నవంబరులోనే. అందులో గీత పైన ఉంటే మా 'తీర బురదనేలల పరిశోధన' నమోదిత పత్రికగా నిలుస్తుంది. కిందికి జారితే 'అభ్యర్థి పత్రిక' అంటారు. అంటే మా దాంట్లో వ్యాసం వేసుకున్నవాడికి ఉద్యోగాల దగ్గర అది లెక్కకు రాదు. అప్పుడు మాకు ఎవరూ ఏమీ పంపరు, రెండేళ్ళలో మూత. ఫిబ్రవరిలో నా పదవీ విరమణ. పదకొండేళ్ళు సంపాదకుడిగా చేసి, మూతపడబోయే పత్రికను ఎవరి చేతిలోనో పెట్టి పోవడం నాకిష్టం లేదు.

ఇంటికొచ్చేసరికి నా భార్య గుమ్‌ర్యే చన్నీళ్ళ నూడుల్స్‌లోకి దోసకాయ తరుగుతోంది. చెప్పాను.

"సున్నా పాయింట్ ఆరంటే గొప్పా?" అంది.

"రెండేళ్ళలో మనం అరవై నాలుగు వ్యాసాలు వేశాం. ఈ ఏడాది ఎవరెవరో తమ వ్యాసాల చివర వాటిని ముప్ఫై తొమ్మిది సార్లు పేర్కొన్నారు. అలా పేర్కొనడాన్ని ఉల్లేఖన అంటాం. ముప్ఫై తొమ్మిదిని అరవై నాలుగుతో భాగిస్తే ఇది వస్తుంది."

"అంటే ఊళ్ళో మిమ్మల్ని ఎంతమంది తలుచుకున్నారన్న లెక్క."

"అలాంటిదే."

"తిట్టుకుంటూ తలుచుకున్నా లెక్కేనా?"

"లెక్కే."

"అయితే మా పెద్దక్కని మించిన పత్రిక లేదండీ," అని తరుగుడు కానిచ్చింది.

జాబితా సంగతి ఆవిడకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది కనుక. మాకు వ్యాసం పంపినవాళ్ళకి, మా పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసాల జాబితా ఒకటి పంపుతాం, వీలైతే ఐదింటిని పేర్కొనమని. చాలామంది పైనున్న ఒక్కదానితో సరిపెడతారు. అడగడం లేదు, సూచిస్తున్నాం. పూసాన్‌లో నా స్నేహితుడు సన్వూ నడిపే పత్రికా అదే చేస్తుంది. వాళ్ళ జాబితా మా రచయితలకి, మా జాబితా వాళ్ళ రచయితలకి. నాట్ల రోజుల్లో ఒకరి మడిలో ఒకరు దిగి సాయం చేసుకోవడం ఈ దేశంలో తాతల నాటి నుంచీ ఉన్నదే.

జాబితాలో మొదటిది నా వ్యాసం. ఏదో ఒకటి మొదట ఉండాలి కదా.

ఆగస్టు 9

ఎండ. ఇంకోసారి లెక్కవేశాను. 0.609. మూడో అంకె కూడా బాగానే ఉంది.

ఆగస్టు 16

సెప్టెంబరు సంచికకి ఆఖరి వ్యాసం వచ్చింది. రాసింది దో సేర్యంగ్ అనే అమ్మాయి. ముప్ఫై ఏడేళ్ళు, సున్‌చన్‌లో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. కున్‌సాన్‌లో ఏదో పరిశోధన సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోందట. గడువు సెప్టెంబరు 22. ఆలోగా నమోదిత పత్రిక నుంచి అంగీకార పత్రం కావాలని ఉత్తరంలో దాచుకోకుండా రాసింది. అందరూ అదే కోరతారు. రాసేవాళ్ళు తక్కువ.

శీర్షిక: 'పోటు లెక్కల్లో తేడా: ఒక సవరణ'.

ఎవరి సవరణో చూడాలి. ఇవాళ ఓపిక లేదు.

ఆగస్టు 18

నాదే.

రెండేళ్ళ కిందటి నా వ్యాసం. దానికి ఆధారం గుమ్‌ర్యే వాళ్ళ పిన్ని నోటుపుస్తకాలు. ఆవిడ ఇక్కడికి ఉత్తరాన, పైతీరంలో ఇరవయ్యారేళ్ళు బురదలో చెయ్యిపెట్టి చిన్న ఆక్టోపస్‌లు పట్టిన మనిషి. రోజూ ఎన్ని దొరికాయో రాసుకునేది, తేదీలు లేకుండా, ఎన్నో పోటు అన్నది మాత్రమే వేసి. 'ఏడో పోటు, ఇరవై మూడు' అని. తీరంలో పక్షం రోజులనూ ఒకటో పోటు, రెండో పోటు అని లెక్కపెడతారు. ఇక్కడ మొక్‌పోలో ఏడో పోటంటే పున్నమికో అమావాస్యకో ముందు రోజు. ఆ లెక్కనే తేదీలు కట్టి, నీటి వేగంతో, వేడితో సరిపోల్చి, పున్నమికీ అమావాస్యకీ ముందు రోజే ఆక్టోపస్‌లు ఎక్కువగా పైకి వస్తాయని రాశాను. ఎందుకలా వస్తాయో రెండు పేజీలు వివరించాను కూడా. ఆ రెండు పేజీలూ బాగా కుదిరాయనుకున్నాను.

పైతీరంలో లెక్క ఒకటి తక్కువట. అక్కడ ఏడో పోటంటే పున్నమి రోజేనట. నేను కట్టిన ప్రతి తేదీ ఒక రోజు తప్పు అంటుంది ఈ అమ్మాయి.

అది కాదు నన్ను కుదిపింది. పన్నెండో పాదసూచిక. అచ్చంగా దించుకుంటున్నాను: "ఈ వ్యాసాన్ని పేర్కొన్న ఇరవై రెండు చోట్లా దాని పుటలు 41–58 అని ఉన్నాయి. వ్యాసం ఉన్నది 141–158లో. పొరపాటు ఒకే మూలం నుంచి వచ్చినట్టుంది."

బీరువా తెరిచి సంచిక తీసి చూశాను. 141. మా జాబితా తీసి చూశాను. 41. అదే సంచికలో 41వ పుటలో ఉప్పుమడుల కట్టల మీద ఎవరిదో వ్యాసం ఉంది.

ఇరవై రెండు మంది పేర్కొన్నారు. ఒక్కరూ తెరవలేదు.

ఆగస్టు 19, శనివారం

గుమ్‌ర్యేని అడిగాను, మామూలుగా అడిగినట్టు.

"పిన్ని వాళ్ళ వైపు ఏడో పోటంటే ఏ రోజు?"

"పున్నమి."

"ఎనిమిది కాదా?"

"ఎనిమిది అనేది ఇక్కడివాళ్ళు. మావైపు ఏడే. పెళ్ళయిన కొత్తలో ఏడో పోటని చెప్పి నన్ను పీతలకు తీసుకెళ్ళి ఉత్త చేతుల్తో ఇంటికి తెచ్చారే, ఆ రోజే చెప్పాను."

"గుర్తులేదు."

"మీకు సున్నా పాయింట్లే గుర్తుంటాయి."

సముద్రం పక్కన పుట్టినవాడికి రెండు లెక్కలుంటాయని పాలు తాగే వయసులోనే తెలుస్తుంది. నేను కొండల్లో, ఛుంగ్‌జులో పుట్టాను. ముప్ఫై ఏళ్ళు నిండాక ఇక్కడికొచ్చి ఒక లెక్క నేర్చుకుని, లోకంలో ఉన్నది అదొక్కటే అనుకున్నాను. లోతట్టు నుంచి వచ్చిన పండితుడు మాత్రమే చేయగల తప్పు ఇది. పిన్ని బతికుంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆగస్టు 21

సమీక్షకులిద్దరూ వేయమన్నారు. ఒకాయన 'చక్కటి వ్యాసం, ఈ పత్రికవి ఇంకొన్ని పేర్కొంటే బాగుండు' అని చేర్చాడు. పాపం, అలవాటు.

నా తప్పు నా పత్రికలో వేయడానికి నాకు అభ్యంతరం లేదు. శాస్త్రం అలాగే నడుస్తుంది. పాదసూచిక సంగతి వేరు. అది శాస్త్రం కాదు. దాన్ని చూసిన మదింపువాళ్ళు 'ఆ ఒకే మూలం ఏది?' అంటారు. జాబితా బయటపడుతుంది. అడిగి పెట్టించుకున్నవి తీసేస్తారు. తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్కవేయలేదు.

డిసెంబరు సంచికకు జరిపితే? అప్పటికి మదింపు అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు, ఆ అమ్మాయికి తప్ప.

ఆగస్టు 28

సన్వూ పూసాన్ నుంచి ఫోన్ చేశాడు, వాళ్ళ కొత్త జాబితా అందిందా అని. మాటల్లో మాటగా, మనం చేసేది ఎప్పుడైనా బయటపడితే, అన్నాను.

"ఏం చేశాం? దొంగతనమా? పొరుగువాడి పొలంలో నాలుగు మొక్కలు నాటాం. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వే ముందు భుజాలు తడుముకుంటావేంటయ్యా, బన్ సక్‌జున్?"

నవ్వాను. భుజం చూసుకున్న మాట నిజమే.

సెప్టెంబరు 4

దో సేర్యంగ్‌ని రమ్మన్నాను. రెండున్నర గంటలు బస్సులో వచ్చింది. బార్లీ నీళ్ళు ఇస్తే రెండు చేతులా అందుకుంది. కుర్చీ అంచున కూర్చుంది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పాఠాలు చెప్పి చెప్పి గరుకుగా ఉంది.

"పన్నెండో పాదసూచిక గురించి," అన్నాను.

"తప్పుందా సార్?"

"తప్పేం లేదు. అవసరమా అని."

"ఈ తేడాని నాకంటే ముందు ఎవరైనా పట్టుకున్నారేమోనని మీ వ్యాసాన్ని పేర్కొన్నవన్నీ చదివాను సార్. ఇరవై రెండింట్లోనూ ఆ సంగతి లేదు, పుట సంఖ్య మాత్రం అందరికీ ఒకేలా తప్పు. అది రాయకపోతే నేను సరిగ్గా వెతకలేదనుకుంటారని."

"అన్నీ చదివారా?"

"చదవకుండా ఎలా రాస్తాం సార్?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నేను కిటికీ వైపు చూశాను.

తర్వాత నాకు వచ్చిన మాటలన్నీ చెప్పాను. పత్రిక పరిస్థితి సున్నితంగా ఉందని, నవంబరు దగ్గరికొచ్చిందని, ఆ ఒక్క వాక్యం లేకపోయినా వ్యాసం బలం తగ్గదని. అడగడం లేదని, సూచిస్తున్నానని. పదకొండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో. నోటితో ఒకరి ముఖం చూస్తూ అనడం ఇదే మొదటిసారి. నోటితో అంటే వేరేగా వినిపిస్తుంది.

ఆమె గోడ మీది క్యాలెండరు చూసింది.

"తీసేస్తే ఇరవై రెండులోగా అంగీకార పత్రం వస్తుందా సార్?"

"వస్తుంది."

"జాబితాలోంచి ఐదు కూడా పెట్టాలా?"

"వీలైతే."

సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది, సంతకి వెళ్తూ చీటీ రాసుకున్నట్టు. 'పాదసూచిక 12, వద్దు. ఐదు, కావాలి.' తలకిందులుగానైనా నాకు కనిపించింది. వెళ్ళేటప్పుడు మూడుసార్లు వంగి నమస్కారం పెట్టింది.

సవ్యంగా జరిగింది. ఎవరి మనసూ నొప్పించలేదు.

సెప్టెంబరు 5

సవ్యంగానే జరిగింది.

సెప్టెంబరు 11, సోమవారం

సవరించిన ప్రతి వచ్చింది. పన్నెండో పాదసూచిక లేదు. పదమూడోది పన్నెండైంది. ఐదు ఉల్లేఖనలు చేరాయి, నీటుగా, అడిగినట్టే.

నా వ్యాసం ఆమె పట్టికలో ముందే ఉంది కదా, మొదటి ప్రతిలో 141–158 అని సరిగ్గా రాసింది. ఇప్పుడు దాన్ని కొట్టేసి 41–58 చేసింది. పక్కన సంపాదకుడికి చిన్న గమనిక: 'మీ జాబితాలో ఉన్నట్టుగా మార్చాను.'

నా వ్యాసాన్ని లోకంలో ఒక్క మనిషి చదివింది. తప్పు పట్టుకునేంత శ్రద్ధగా, నేను ఫోటోలుగా వేసిన పిన్ని చేతిరాత దాకా వెళ్ళి చదివింది. ఆ ఒక్క మనిషిని కూడా ఆ ఇరవై రెండు మందిలో కలిపేశాను. ఇప్పుడు ఇరవై మూడు.

సిగ్గేసింది. ఇంత వయసులో చెవులు వేడెక్కేంత సిగ్గు.

హేరిన్ తలుపు తట్టి, "ఆమెకు అంగీకార పత్రం తయారు చెయ్యనా సార్?" అంది. రేపు చూద్దామన్నాను.

సెప్టెంబరు 12

పొద్దున్నే సేర్యంగ్‌కి ఫోన్ చేశాను. పాదసూచిక తిరిగి పెట్టండి, పుట సంఖ్య సరిచేయండి, ఐదూ తీసేయండి, అంగీకార పత్రం ఎలాగూ వస్తుంది అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. నన్ను కొంచెం మెచ్చుకుంటుందని కూడా అనుకున్నానేమో.

"ఐదు తీసేస్తాను సార్. పాదసూచిక మాత్రం వద్దు," అంది.

"ఎందుకని?"

"అది అచ్చయితే పత్రిక దెబ్బతింటుందని మీరే చెప్పారు కదా. నాకు అప్పటిదాకా తెలీదు. తెలిశాక ఎలా పెడతాను? రేపు కున్‌సాన్‌లో కూర్చున్నవాళ్ళు నన్ను చూసి, పత్రికను ముంచిన అమ్మాయి ఈమేనా అంటారు."

"అది నిజం కాబట్టి..."

"నిజమే సార్. మీ నిజం." గొంతు తగ్గించి, తప్పుగా అనుకోవద్దంటూనే చెప్పింది. "పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవాలనుకుంటే వాళ్ళ పేరు మీద ఒప్పుకోవాలి కానీ, నా పాదసూచికలో కాదు కదా సార్."

ఇంతవరకు ఏ విద్యార్థీ నాతో ఇలా మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 14

వాన. ఏమీ చేయలేదు. ముప్ఫై తొమ్మిదిలో అడిగి పెట్టించుకున్నవి ఇరవై అయిదు. అవి తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్కవేశాను. ఇక్కడ రాయను.

సెప్టెంబరు 15

ఏమీ చేయలేదు.

మదింపు దాటాక, డిసెంబరు సంచికలో నా పేరుతో చెప్పుకుంటే సరిపోతుంది కదా. అప్పుడైనా చెప్పడమే కదా. గుమ్‌ర్యేతో మొత్తం చెప్పేశాను, జాబితాతో సహా. ఆవిడ చేప ముళ్ళు తీస్తూ విన్నది.

"అంటే పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగి, గిన్నె ఖాళీ అయ్యాక క్షమించమంటుందన్నమాట," అంది. "తినండి, చల్లారిపోతోంది."

సెప్టెంబరు 18, సోమవారం

రాశాను. 'సంపాదకుడి ప్రకటన.' ఒక పేజీ. హేరిన్‌కి ఇచ్చాను టైపు చేయమని.

'గత పదకొండేళ్ళుగా రచయితలకు ఒక జాబితా పంపబడింది' అని మొదలుపెట్టాను. ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఎవరు పంపారు సార్?"

'నేను పంపాను' అని దిద్దాను.

మిగతాదంతా చదివింది. కూర్చోమనకుండా కూర్చుంది, ఏడేళ్ళలో మొదటిసారి.

"ఆ జాబితా టైపు చేసింది నేను సార్. ఆ ఒకటి జారిపోయింది నా చేతిలోనే."

"తయారు చెయ్యమన్నది నేను. పంపమన్నది నేను. నా వ్యాసాన్ని పైన పెట్టమన్నదీ నేనే. నీ పేరు ఎక్కడా రాదు."

"పేరు గురించి కాదు." గోళ్ళు చూసుకుంది. "పత్రిక పోతే నా పని కూడా పోతుంది కదా. అది కూడా ఆలోచించారా అని."

ఆలోచించలేదు. అదే చెప్పాను. క్షమించమన్నాను. ఆమె తల ఊపి, కంప్యూటరు వైపు తిరిగి, "రెండో పేరాలో ఇరవై అయిదులో పూసాన్ వైపు నుంచి వచ్చినవి తొమ్మిది అని రాయాలి సార్, మీరు ఎనిమిది అన్నారు," అంది. టైపు చేసేసింది. నేనైతే ఆ స్థితిలో తప్పు ఉన్నట్టే వదిలేసేవాణ్ణి.

నా వ్యాసంలోని తేదీలు తప్పని, ఆ తప్పును దో సేర్యంగ్ కనిపెట్టిందని, ఆమె వ్యాసం ఇదే సంచికలో ఉందని చివర రాశాను. పుటల ముచ్చట నేను కనిపెట్టినట్టే రాయాల్సి వచ్చింది, ఆమెను తప్పించడానికి. ఆ ఒక్క అబద్ధం ఉండనీ.

సెప్టెంబరు 19

మర్యాద కోసం సన్వూకి ముందే చెప్పాను. వాళ్ళ పత్రిక పేరు రాయలేదని, 'మరొక పత్రిక' అన్నానని.

"మన రంగంలో పత్రికలు ఉన్నవే మూడు. మరొకటంటే ఎవరికి తెలీదు?" అన్నాడు. "నీ ఇంటికి నువ్వు నిప్పు పెట్టుకుంటే పెట్టుకో. మా గోడ దానికి ఆనుకుని ఉందని చూసుకోవద్దా?"

అరవలేదు. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు అరవకుండా ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబరు 21

సేర్యంగ్‌కి అంగీకార పత్రం వెళ్ళింది. గడువుకు ఒక రోజు ముందు. సంచిక నెలాఖరుకి వస్తుంది, అప్పటికి ఇంకా నమోదిత పత్రికే. ఆమె వ్యాసం లెక్కకు వస్తుంది. ఇంతవరకు నేను చేయగలిగింది ఇదొక్కటే.

సెప్టెంబరు 29, చుసక్ పండగ

పైన్ ఆకుల మీద ఉడికించిన సొంగ్‌ప్యన్ బియ్యప్పిండి ఉండలు ఎక్కువ తిన్నాను. సంచిక మొన్ననే వచ్చింది. పండగకని ఎవరూ చూడలేదు. లేదా చూసి ఊరుకున్నారు.

అక్టోబరు 17

ఇద్దరు రచయితలు వ్యాసాలు వెనక్కి తీసుకున్నారు. ఒకాయన చాలా మర్యాదగా, 'పత్రిక ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్ళీ పంపుతాను' అని రాశాడు. జలుబు చేసినవాణ్ణి పలకరించినట్టు ఉంది.

నవంబరు 30

వచ్చింది. రెండు వాక్యాలు, ఒక సంఖ్య.

అభ్యర్థి పత్రిక. 0.22.

సెప్టెంబరులో వాన రోజు నేను వేసిన లెక్కా అదే. ముప్ఫై తొమ్మిదిలో ఇరవై అయిదు పోగా పద్నాలుగు. అది నిజమైన సంఖ్య అని నాకు రెండున్నర నెలలుగా తెలుసు. అయినా కాగితం మీద చూశాక ఇంకోసారి భాగించాను. పదకొండేళ్ళు. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని తలుపు వేసుకుని కాసేపు చూశాను.

గుమ్‌ర్యే రాత్రి భోజనంలో బాగా మాగిన కిమ్చీ పచ్చడి జాడీ తెరిచింది, చలి ముదిరాక తెరుస్తానన్నది.

డిసెంబరు 8

సేర్యంగ్ ఫోన్ చేసింది. ఉద్యోగం రాలేదట. తీసుకున్నవాడికి పదకొండు వ్యాసాలట.

"మీ దాంట్లో వచ్చింది లెక్కకు తీసుకున్నారు సార్. అది మీకు చెప్పాలని."

"పదకొండింటి ముందు..."

"అవును సార్. నాకు నాలుగే. నేను నెమ్మదిగా రాస్తాను." నవ్వింది. "వచ్చే ఏడాది యోసూలో ఒకటి ఖాళీ అవుతుందట."

అంత చేస్తే ఆమెకు దక్కింది ఇదీ. ఆమె నా మీద కోపంగా ఉండుంటే నాకు తేలికగా ఉండేది.

డిసెంబరు 20

పత్రిక నడిపే సంఘం సమావేశం. తర్వాతి సంపాదకుడు ఎవరన్న చోట అందరూ టీ కప్పుల్లోకి చూశారు. అభ్యర్థి పత్రికని నెత్తికెత్తుకునే వాడు ఎవడు. ఎవరైనా దొరికేదాకా నేనే చూడాలని తీర్మానం. విరమణ తర్వాత కూడా.

హేరిన్‌కి నగర గ్రంథాలయంలో పని దొరికింది. ఫిబ్రవరి ఒకటి నుంచి. సంతోషం. ఇది మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

జనవరి 10

ఆఫీసు చల్లగా ఉంది. పనేం లేదు. ఆ పద్నాలుగూ ఎవరివో చూద్దామని హేరిన్‌ని అడిగాను. జాబితా పంపకుండా, మనం ఏమీ అనకుండా, వాళ్ళంతట వాళ్ళు మన పత్రికను తలుచుకున్నవాళ్ళు. ఆమె అచ్చువేసి ఇచ్చింది.

సంఖ్య రోజూ చూశాను కానీ, ఇన్నేళ్ళలో ఆ సంఖ్య వెనకున్న ఒక్క వ్యాసం కూడా చదవలేదు. చదవాలన్న ఆలోచనే రాలేదు. ఒక అంకెను ఇంకో అంకెతో భాగిస్తే చాలేది.

జనవరి 15

అయిదు చదివాను. ఒకటి జెజు దీవి నుంచి, మా పట్టికలో లెక్కలు తీసుకుని ఇంకో పట్టిక కట్టింది. ఒకటి మమ్మల్ని ఖండించింది, న్యాయంగానే. ఒకామె మా వ్యాసంలోని ఒక్క వాక్యం పట్టుకుని మూడు పేజీలు ముందుకు వెళ్ళింది. ఆ వాక్యం మా పత్రికలో ఉందని నాకే తెలీదు.

జనవరి 22

పద్నాలుగూ అయ్యాయి. హేరిన్‌తో, "ఇవి ఆ 0.61 కంటే బాగున్నాయి," అన్నాను. ఆమె, "కానీ గీత దాటవు సార్," అంది. దాటవు.

జనవరి 24, బుధవారం

పద్నాలుగింటిలో ఒకటి నన్ను వదల్లేదు. రాసింది ప్యన్ ఇన్సు అనే ఆయన. వాందో దీవిలో బడి పంతులు. బురదనేలలో పురుగుల బొరియలు ఎలా లెక్కపెట్టాలో మా పత్రికలో వచ్చిన పద్ధతిని, ఆయన పన్నెండేళ్ళ పిల్లలతో చేయించి, ఒక విద్యా పత్రికలో రాశాడు. పేరుకోసం పేర్కొన్నది కాదు. మోకాలిలోతు బురదలోకి తీసుకెళ్ళి వాడాడు.

ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. బడికి ఫోన్ చేశాను. ఆయన్ని పిలిచారు.

"తీర బురదనేలల పరిశోధన సంపాదకుణ్ణండీ. బన్ సక్‌జున్‌ని."

అటువైపు పిల్లల గోల, తలుపు మూసిన చప్పుడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"ఎన్ని పెట్టమంటారు సార్?"

"ఏమిటి?"

"తర్వాతి వ్యాసం రాస్తున్నాను. మీ పత్రికవి ఎన్ని పేర్కొనాలో చెబితే పెడతాను. రెండు మూడైతే ఇబ్బంది లేదు. ఐదంటే అటువైపు సంపాదకుణ్ణి కూడా అడగాలి. ఆయన తనవి ఐదు అడిగాడు."

దీవిలో బడి పంతులుకు కూడా సంపాదకుడు ఫోన్ చేశాడంటే ఇదొక్కటే అర్థం. అది ఆయన తప్పు కాదు. పదకొండేళ్ళుగా మేమే నేర్పాం.

"ఏమీ పెట్టొద్దండి," అన్నాను. "మీరు మా వ్యాసం చదివారు కదా. చేసి చూశారు కదా. ఎలా ఉందో కనుక్కుందామని చేశాను."

లైను తెగిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాను. ఉంది.

"నిజం చెప్పమంటారా సార్?"

చెప్పమన్నాను. గంటసేపు చెప్పాడు. మూడు చోట్ల తప్పుందట. రాసుకున్నాను.